చేత్తో తినే భోజనానికి గుడ్డ నాప్కిన్: సిద్ధం చేయడం, మడవడం, మర్యాదగా వాడడం

సంక్రాంతికి కొత్త అల్లుణ్ణి పిలిచే ఇళ్ళవారు, కోనసీమలో దిండి వైపు అతిథి గృహాలు నడిపేవారు, పిల్లలను మొదటిసారి పెద్ద హోటల్లో విందుకు పంపే తల్లిదండ్రులు తరచు అడిగే ప్రశ్న ఒకటుంది. గుడ్డ నాప్కిన్ ఎలా మడవాలి, ఎక్కడ పెట్టాలి, తింటున్నంతసేపూ దాన్ని ఏం చేయాలి? ఈ విషయంమీద దొరికే సూచనలు చాలావరకు ఫోర్కూ కత్తీ పట్టుకొని తినేవారి కోసం రాసినవి. ముద్దపప్పులో నెయ్యి కలుపుకొని, పులస ముల్లు వేళ్ళతో తీసుకుంటూ తినేవారికి అవి సగమే పనికివస్తాయి.

కింద చెప్పిన పద్ధతులన్నిటికీ ఆధారం ఒకే నియమం. చేత్తో తినే భోజనంలో నాప్కిన్ ఎడమచేతి వస్తువు. అన్నం కలిపే కుడిచెయ్యి ఎంగిలి చెయ్యి కనుక దాన్ని కడుక్కోవాలి తప్ప గుడ్డకు తుడవకూడదు. గుడ్డ ఉన్నది ఒడిని కాపాడడానికి, పెదవులు అద్దుకోవడానికి, కడుక్కున్న వేళ్ళ తడి ఒత్తుకోవడానికి.

1. గుడ్డ, కొలతలు

నూలు గుడ్డే తీసుకోండి. పాలియెస్టర్ కలిసిన బట్ట ముడత పడదు, మెరుస్తుంది కూడా, కాని తడిని పీల్చదు, నూనె మరకను ఒక పట్టాన వదలదు. బండారులంక నేత నూలైనా, ద్వారపూడి బజారులో తాను నుంచి కోయించుకున్న సాదా నూలైనా ఈ పనికి బాగుంటుంది.

రంగు విషయంలో నా సలహా తెలుపే. పసుపు మరక కనబడకూడదని ముదురు రంగు కొనేవారు ఉన్నారు. తెల్లగుడ్డను వేడినీళ్ళలో నానబెట్టవచ్చు, ఎండలో ఎన్ని గంటలైనా ఆరవేయవచ్చు. రంగుగుడ్డకు ఆ వీలు ఉండదు, పైగా రంగు వెలిసిపోతుంది.

భోజనానికి 20 అంగుళాల చదరం, టిఫినుకు 16, కాఫీతోపాటు పూతరేకులో కాజాలో పెట్టేటప్పుడు 10 నుంచి 12 అంగుళాలు ఉంటే చాలు.

12 భోజనపు నాప్కిన్లు కుట్టించాలంటే 44 అంగుళాల పన్నా (వెడల్పు) ఉన్న బట్ట మూడుంపావు మీటర్లకు కాస్త పైన పడుతుంది. ఉతికితే కుంచించుకుపోతుంది కనుక మూడుముప్పావు మీటర్లు కొనడం మేలు. ముందు ఉతికి, ఆరాక పన్నాను సరిగ్గా రెండు సగాలు చేసి, ఆ సగం ఎంత వచ్చిందో పొడవు కూడా అంతే కోయించండి. అంచును అర అంగుళం చొప్పున రెండుసార్లు మడిచి కుట్టించాలి. ఉతకకుండా కోసి కుట్టించిన గుడ్డ మొదటి ఉతుకులోనే చదరం తప్పుతుంది, చదరం తప్పిన గుడ్డకు ఏ మడతా కుదరదు.

నరసాపురం లేసు అంచు వేయించుకోవాలన్న సరదా ఉంటే ఒక మూలకే వేయించండి. నాలుగువైపులా లేసు ఉంటే పెదవి అద్దుకోవడానికి చోటు మిగలదు, వేళ్ళ ఉంగరాలు అందులో చిక్కుకుంటాయి.

2. ఉతకడం, గంజి, ఇస్త్రీ

కొత్త బట్టకు నేతలో పెట్టిన గంజి ఉంటుంది. కనీసం రెండు ఉతుకులు పడేదాకా అది తడిని సరిగా పీల్చదు. ఆరిన గుడ్డమీద ఒక నీటిచుక్క వేసి చూడండి. చుక్క వెంటనే ఇంకిపోతే గుడ్డ సిద్ధమైనట్టు, ముత్యంలా నిలిచి ఉంటే ఇంకోసారి ఉతకాలి. బట్టలు మెత్తబరచడానికి అమ్మే ద్రవాలను వీటికి వాడవద్దు, అవి దారంమీద పొరలా పట్టి పీల్చే గుణాన్ని తగ్గిస్తాయి.

గంజి ఇలా పెట్టండి:

1. అన్నం వార్చిన చిక్కటి గంజి ఒక గ్లాసు తీసుకొని పలుచటి గుడ్డలో వడకట్టండి. ఒక్క మెతుకు మిగిలినా ఇస్త్రీలో మచ్చ పడుతుంది.
2. మూడు నాలుగు గ్లాసుల నీళ్ళు కలపండి. నిలబడే మడతలు వేయాలనుకుంటే రెండు గ్లాసులు చాలు.
3. ఉతికిన గుడ్డను తడిగా ఉండగానే ముంచి, మెల్లగా పిండి, అంచులు లాగి సరిచేసి ఆరవేయండి.
4. ముప్పాతిక ఆరాక, ఇంకా చెమ్మ ఉండగానే ఇస్త్రీ చేయండి. పూర్తిగా ఆరిపోతే నీళ్ళు చిలకరించి అరగంట చుట్టి ఉంచండి.
5. నడిమి నుంచి అంచులకు ఇస్త్రీ నడిపించండి. లేసు ఉన్న మూలను బోర్లా వేసి, కింద తువాలు పరిచి, తక్కువ వేడిమీద ఒత్తండి.

గంజి గట్టిగా పెడితే గుడ్డ చూడడానికి బాగుంటుంది కాని పెదవికి గీసుకుంటుంది. వానాకాలంలో మన గోదావరి డెల్టా గాలిలోని తేమకు గంజి పూటలో మెత్తబడి, నిలబెట్టిన మడతలు వాలిపోతాయి. కనుక ఆషాఢం నుంచి కార్తీకం దాకా చదునుగా ఉండే మడతలకే పరిమితం కావడం మంచిది.

3. మడత మొదలుపెట్టే ముందు చూసుకోవలసినవి

- వచ్చేవారి సంఖ్యకు నాలుగోవంతు అదనంగా గుడ్డలు ఉన్నాయా? పన్నెండుమంది వస్తే పదిహేను ఉంచండి.
- మీ చేతులు సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరినవేనా? వంటింట్లోంచి వచ్చిన చేత్తో మడిచిన గుడ్డకు నూనె వేలిముద్ర తప్పదు.
- మడిచే బల్ల శుభ్రంగా, పొడిగా ఉందా?
- ఒక్కొక్క గుడ్డనూ వెలుతురుకు ఎత్తి చూశారా? పాత మరక ఉన్నదాన్ని మరక లోపలికి వచ్చేలా మడిచి పెట్టడం మర్యాద కాదు. దాన్ని పక్కన పెట్టండి.
- భోజనానికి రెండుమూడు గంటల ముందే మడిచి, పైన పలుచటి గుడ్డ కప్పి ఉంచగలరా? ముందురోజే మడిచిపెడితే దుమ్ము చేరుతుంది.

4. మడతలు

హంసలు, తామరపూలు మడవడం చాలామందికి సరదా. వాటిని ఇక్కడ కావాలనే వదిలేశాను. ఒక హంస తయారయ్యేలోపు మడిచేవారి వేళ్ళు గుడ్డ అంతటా తగులుతాయి, అతిథి దాన్ని విప్పడానికి రెండు చేతులూ వాడవలసి వస్తుంది. పెదవికి తగిలే గుడ్డను ఎంత తక్కువ తాకితే అంత మంచిది.

4.1 సాదా మడత

1. 20 అంగుళాల చదరాన్ని తప్పువైపు పైకి వచ్చేలా పరచండి.
2. కింది అంచును పై అంచుకు తెచ్చి సగానికి మడవండి. 20 పొడవు, 10 ఎత్తు వస్తుంది.
3. అదే దిశలో ఇంకో సగం మడవండి. ఎత్తు 5 అవుతుంది.
4. ఎడమ కొసను కుడి కొసకు తెచ్చి మడవండి. 10కి 5 అంగుళాల పట్టీ తయారవుతుంది.

పెట్టేటప్పుడు విడి కొసలు అతిథి ఎడమచేతి వైపు ఉండాలి. అలా ఉంటే ఒక కొస పట్టుకొని లాగగానే ఒకే చేత్తో విడిపోతుంది. రోజువారీకీ విందుకూ ఇదే చాలునని నా అభిప్రాయం.

4.2 జేబు మడత

పాయసం చెంచాగాని, వక్కపొడి పొట్లంగాని పెట్టి ఇవ్వడానికి ఇది బాగుంటుంది.

1. చదరాన్ని సగానికి మడిచి, విడి అంచులు రెండూ పైవైపు వచ్చేలా పెట్టుకోండి.
2. పైపొర అంచును మాత్రమే మూడు అంగుళాలు కిందికి మడిచి, వేలితో గట్టిగా ఒత్తండి.
3. పై అంచు పైనే ఉండేలా మొత్తాన్ని బోర్లా తిప్పండి.
4. ఎడమవైపు మూడోవంతు నడిమికి, దానిమీదికి కుడివైపు మూడోవంతు మడవండి.
5. మళ్ళీ వెల్లకిలా తిప్పండి. ముందువైపు అడ్డపట్టీ, దాని వెనక జేబు కనిపిస్తాయి.

జేబు కిందివైపు తెరుచుకుంటే మూడో అడుగులో గుడ్డను తలకిందులుగా తిప్పారన్నమాట. విప్పి, పుస్తకం పేజీ తిప్పినట్టు పక్కకు తిప్పండి.

4.3 విసనకర్ర మడత

ఇది అలంకారం కోసమే. గట్టి గంజి, పొడి వాతావరణం ఉంటేనే నిలుస్తుంది.

1. చదరాన్ని సగానికి మడిచి, పొట్టి అంచు మీ వైపు ఉండేలా పెట్టండి.
2. ఆ అంచు నుంచి అంగుళం వెడల్పున ముందుకూ వెనక్కూ కుచ్చిళ్ళు పెట్టుకుంటూ వెళ్ళి, చివర నాలుగైదు అంగుళాలు విడిచిపెట్టండి.
3. కుచ్చిళ్ళు బయటివైపు ఉండేలా మొత్తాన్ని సగానికి మడవండి.
4. విడిచిపెట్టిన భాగం మూలను ఏటవాలుగా మడిచి, కుచ్చిళ్ళ కిందికి దోపండి. అదే దానికి కాలు.
5. నిలబెట్టి వదలండి, కుచ్చిళ్ళు వాటంతట అవే విచ్చుకుంటాయి.

5. ఎక్కడ పెట్టాలి

బల్లమీద కంచం పెడుతున్నప్పుడు నాప్కిన్ కంచానికి ఎడమవైపు, బల్ల అంచుకు అంగుళం లోపలికి పెట్టండి. ఖాళీ కంచంలోనూ పెట్టవచ్చు. అయితే వడ్డన మొదలయ్యాక అతిథి దాన్ని హడావిడిగా తీయవలసి వస్తుంది కనుక, అందరూ కూర్చున్నాకే వడ్డించే ఇళ్ళలో మాత్రమే ఆ పద్ధతి నప్పుతుంది.

అరిటాకు వేస్తే కొస తినేవారి ఎడమవైపు ఉంటుంది. నాప్కిన్‌ను ఆ కొసకు అవతల, ఆకును తాకకుండా పెట్టాలి. ఆకు కింద దోపితే ఆకు కడగడానికి చిలకరించిన నీళ్ళన్నీ గుడ్డే తాగేస్తుంది. నీళ్ళ గ్లాసును కూడా ఎడమచేతికి అందేలా పెడితే ఆ చెయ్యి గుడ్డ నుంచి గ్లాసుకు, గ్లాసు నుంచి గుడ్డకు తేలికగా కదులుతుంది.

భీమవరం వైపు అల్లుడి విందులో పదులకొద్దీ గిన్నెలు పెడతారు, నాప్కిన్‌కు బల్లమీద చోటు ఉండదు. అప్పుడు దాన్ని కుర్చీ చేతిమీద పెట్టకండి, జారి కిందపడుతుంది. అతిథి కూర్చోగానే ఇంటివారిలో ఒకరు మడత విప్పకుండా ఎడమవైపు నుంచి చేతికి అందించాలి. "అల్లుడుగారూ, ఇది ఒడిలో వేసుకోండి" అంటే చాలు. పట్టుబట్టలు కట్టుకొని వచ్చినవారికి మొహమాటం తీరిపోతుంది.

కింద పీటలమీద పంక్తి వేస్తే పీటకు ఎడమపక్కన శుభ్రమైన ఆకుముక్క వేసి దానిమీద ఉంచాలి. నేలమీద నేరుగా పెట్టకూడదు.

6. కూర్చున్నప్పటి నుంచి లేచేదాకా

1. చేతులు కడుక్కోవడం. భోజనానికి ముందు కడుక్కున్న చేతులను నాప్కిన్‌కు తుడవవద్దు. అందుకు కుళాయి దగ్గరో పెరట్లోనో వేరే తువాలు ఉంచడం ఇంటివారి బాధ్యత. మొదటే తడిసిన గుడ్డ ఒడిలో వేసుకుంటే బట్టలు చెమ్మెక్కుతాయి.

2. విప్పే వేళ. పెద్దవారుగాని, ఇంటి యజమానిగాని కూర్చున్నాక విప్పాలి. ఆకుచుట్టూ నీళ్ళు తిప్పి ఔపోసన పట్టే పెద్దలు పంక్తిలో ఉంటే అది పూర్తయ్యేదాకా ఆగడం మర్యాద, పైగా గుడ్డ తడవకుండా ఉంటుంది.

3. విప్పే తీరు. కొస పట్టుకొని ఒడిలోకి జార్చండి. గాలిలో దులిపి విప్పవద్దు. పెద్ద గుడ్డను పూర్తిగా పరచకుండా సగానికి మడిచి, మడత అంచు నడుమువైపు, విడి అంచులు మోకాళ్ళవైపు ఉండేలా వేసుకోండి.

4. అద్దుకోవడం. పైపొర అంచును ఎడమచేత్తో ఎత్తి, దాని లోపలివైపుతో పెదవులు అద్దుకొని, మళ్ళీ వాల్చేయండి. మరక రెండు పొరల మధ్య ఉండిపోతుంది, పక్కవారికి కనబడదు, మీ బట్టలకు అంటదు. సగానికి మడిచి వేసుకోమన్నది ఇందుకే. రుద్దకూడదు, అద్దాలి.

5. నీళ్ళు తాగే ముందు. గ్లాసు కరిచి తాగేవారు ముందు పెదవులు అద్దుకోవాలి, లేకపోతే గ్లాసు అంచుకు నెయ్యి పట్టి అందరికీ కనబడుతుంది. ఎత్తి పోసుకొనేవారికి ఆ అవసరం తక్కువ, కాని గడ్డం మీది చుక్కలు తుడుచుకోవాలి.

6. ముళ్ళు, తొక్కలు, కరివేపాకు. చేప ముల్లును కుడిచేతి వేళ్ళతో తీసి ఆకు అంచున పెట్టండి. నాప్కిన్‌లో ఉమ్మి చుట్టిపెట్టడం చూడడానికి మర్యాదగా అనిపించినా, ఉతికేవారి వేళ్ళకు ఆ ముల్లు గుచ్చుకుంటుంది. పులసలో సన్నముళ్ళు ఎక్కువ కనుక ఆ కూర వడ్డించే రోజున ప్రతి ఇద్దరి మధ్యా ఒక చిన్న గిన్నె పెట్టడం మంచిది.

7. వద్దనడం. ఇక వడ్డన చాలంటే రెండు చేతులూ ఆకుమీద అడ్డుపెట్టడం మన అలవాటు. నాప్కిన్‌ను అడ్డుపెట్టవద్దు, ఎంగిలి గుడ్డ వడ్డించే గరిటెకు తగులుతుంది. ఇదే కారణంగా వాడిన గుడ్డను కూరగిన్నెల దగ్గర ఎప్పుడూ పెట్టకూడదు.

8. తుమ్ము, ముక్కు, చెమట. వీటికి జేబులో కర్చీఫ్ ఉండాలి. ఆవకాయ ఘాటుకు ముక్కు కారితే పక్కకు తిరిగి, ఎడమచేత్తో కర్చీఫ్ వాడండి.

9. మధ్యలో లేవవలసివస్తే. మురికివైపు లోపలికి మడిచి కుర్చీలో పెట్టి వెళ్ళండి. కొన్నిచోట్ల కంచానికి ఎడమవైపు పెట్టే పద్ధతీ ఉంది, కాని ఎంగిలి పట్టింపు ఉన్న ఇళ్ళలో కుర్చీయే నయం.

10. ముగించడం. పంక్తిలో అందరూ ముగించాక ఆకును మీ వైపుకు మడవండి. నాప్కిన్‌ను మొదట ఉన్నట్టు తిరిగి మడవవద్దు, వాడనిదని ఎవరైనా పొరబడతారు. ఉండచుట్టి పడేయడమూ బాగుండదు. వదులుగా చేరదీసి ఎడమవైపు ఉంచి, లేచి చెయ్యి కడుక్కోండి.

నిమ్మచెక్క వేసిన గోరువెచ్చటి నీళ్ళగిన్నె బల్లదగ్గరికే తెస్తే వేళ్ళ కొసలు మాత్రం ముంచి, గిన్నెమీదే కాస్త నీరు కారనిచ్చి, అప్పుడు నాప్కిన్‌తో ఒత్తుకోవచ్చు. కుడిచెయ్యి గుడ్డను తాకే సందర్భం ఇదొక్కటే.

హోటల్లో ఫోర్కుతో తినేటప్పుడు రెండు చేతులూ శుభ్రంగానే ఉంటాయి కనుక ఎడమచేతి నియమం వర్తించదు, మిగిలినవన్నీ అలాగే వర్తిస్తాయి. మెడలో దోపుకోవడం మాత్రం చిన్నపిల్లలకే.

7. తరచు వచ్చే ఇబ్బందులు, వాటికి ఉపాయాలు

*పట్టుచీరమీద గుడ్డ జారిపోతోంది.* గంజి తక్కువ పెట్టిన గుడ్డ ఇవ్వండి. కట్టుకున్నవారు పైట చెంగును ముందు ఒడిలోకి తెచ్చి, దానిమీద గుడ్డను మూలగా వేసుకొని, ఒక మూలను ఎడమ తొడ కింద కొద్దిగా అదిమితే జారదు. బొడ్లో దోపుకుంటే లేచేటప్పుడు మరిచిపోయి వెంట తీసుకెళ్ళే ప్రమాదం ఉంది.

*పంచె కట్టుకొని కింద కూర్చున్నవారికి ఒడి పల్లంగా ఉంటుంది.* సగానికి మడవకుండా పూర్తిగా పరిచి, రెండు మోకాళ్ళమీదుగా వేసుకోవాలి. ఇక్కడ లోపలివైపు ఉండదు కనుక ఒక మూలనే పెదవులకు కేటాయించుకోండి.

*నాప్కిన్ కిందపడింది.* బల్లకిందికి దూరి తీయవద్దు, ఇంకొకటి అడగండి. అదనంగా ఉంచమన్నది ఇందుకే.

*పూతరేకు కొరికితే పొడి రాలుతోంది.* చిన్న పళ్ళెం ఎడమచేత్తో గడ్డం కిందికి తెచ్చుకోండి. ఒడిలో రాలినదాన్ని గుడ్డతోసహా లోపలికి మడిచి లేవాలి. లేచి నేలమీద దులిపితే చీమలకు విందు.

*కుడిచెయ్యి పొరపాటున గుడ్డకు తగిలింది.* ఆ భాగాన్ని లోపలికి మడిచి కొనసాగించండి. అందరిముందూ నీళ్ళు చల్లి రుద్దితే మరక పెద్దదవుతుంది.

8. కాగితపు నాప్కిన్లు వాడేటప్పుడు

పెళ్ళిపందిళ్ళలో కాగితమే వాడక. పంకా గాలికి ఎగిరిపోకుండా నాలుగు మడతలు వేసి గ్లాసు కింద, కాని తడి తగలకుండా అంచు బయటికి ఉండేలా పెట్టండి. తడిచేతిని దానితో తుడిస్తే ముక్కలై వేళ్ళకు అంటుకుంటుంది కనుక పెదవులకే వాడాలి.

అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త ఇది. మన ఊళ్ళలో తిన్న ఆకులు పశువుల దగ్గరికో పెంటకుప్పకో వెళతాయి. కాగితం, పళ్ళు కుట్టుకొనే పుల్ల, వక్కపొడి కవరు ఆకులో పెట్టి మడిచేస్తే అవి గేదె నోట్లోకి పోతాయి. ఆకులు తీసే దారిలో వీటికోసం వేరే బుట్ట పెట్టి, వడ్డించేవారిలో ఒకరు పంక్తి లేచేముందు గుర్తుచేయాలి.

9. మరకలు, భద్రపరచడం

గుడ్డలను ఆ పూటే ఉతకండి. క్రమం ముఖ్యం:

1. అంటుకున్న మెతుకులు, పిండి చెంచా వెనకతో గీకి తీసేయండి.
2. ముందు చన్నీళ్ళలోనే జాడించండి. గుడ్డు, చేప, రొయ్యల మరకలు వేడినీళ్ళకు బిగుసుకుపోతాయి.
3. నూనె, నెయ్యి పడినచోట గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు వేసి పావుగంట ఉంచి ఉతకండి.
4. పసుపు మరక సబ్బు తగలగానే ఎర్రబడుతుంది. గుడ్డ పాడైందని కంగారుపడవద్దు, పసుపుకు సబ్బు క్షారం తగిలితే జరిగేది అంతే. బాగా జాడించి, మరకమీద నిమ్మరసం పూసి, తడిగానే ఎర్రటి ఎండలో ఆరవేయండి. పసుపు రంగు ఎండకు వెలుస్తుంది. ఒకరోజుకు పోకపోతే మర్నాడు మళ్ళీ తడిపి వేయండి.
5. మరక పూర్తిగా పోయేదాకా ఇస్త్రీ చేయవద్దు. వేడికి అది స్థిరపడిపోతుంది.

తాంబూలపు ఎరుపు అన్నిటికన్నా మొండిది. కిళ్ళీ ఇచ్చే చోట గుడ్డ నాప్కిన్లు తీసేసి కాగితం పెట్టడమే దానికి విరుగుడు.

బీరువాలో పెట్టేముందు గంజి పెట్టకండి. గంజి ఉన్న గుడ్డకు వానాకాలంలో బూజు పడుతుంది, బొద్దింకలూ చేరతాయి. ఉతికి, ఎండలో పూర్తిగా ఆరబెట్టి, సాదాగా మడిచి, పాత నూలు పంచెముక్కలో చుట్టి పెట్టండి. విందుకు రెండురోజుల ముందు తీసి గంజి పెట్టుకుంటే ఇస్త్రీకి, మడతకు సమయం సరిపోతుంది.